క్రిబేజ్: ఇద్దరి పేకాట వెనక కథ

పేకాట అనగానే మనకి గుర్తొచ్చేది రమ్మీ. కానీ నలుగురైదుగురు కూర్చుంటేగానీ రమ్మీ రక్తి కట్టదు. మా ఇంట్లో ఇప్పుడు నేనూ, మా నాన్నగారూ ఇద్దరమే. ఇద్దరికి సరిపోయే ఆట కోసం వెతుకుతుంటే క్రిబేజ్ కనిపించింది. నేర్చుకుంటూ నేర్చుకుంటూ దాని చరిత్రలోకి వెళ్ళాను. ఈ ఎపిసోడ్‌లో ఆ సంగతులు చెప్పుకుందాం.

ఈ ఆటని కనిపెట్టింది సర్ జాన్ సక్లింగ్ అని ప్రతీతి. 1609లో పుట్టిన ఇంగ్లీషు కవి, మొదటి చార్లెస్ ఆస్థానంలో తిరిగినవాడు, పెద్ద జూదరి. ఈ మాట రాసిపెట్టింది జాన్ ఆబ్రీ. సక్లింగ్ మంచం మీదే ఒంటరిగా ముక్కలు పరుచుకుని సాధన చేసేవాడట. తనకి మాత్రమే తెలిసిన గుర్తులు పెట్టిన పేకలు దేశంలోని జూదపు ఇళ్ళకి పంపించి, 20,000 పౌన్లు సంపాదించాడట. ఆ లెక్కని నేను అక్షరాలా నమ్మను. ఎందుకంటే సక్లింగ్ చనిపోయేనాటికి ఆబ్రీ ఇంకా కుర్రాడు, తర్వాత విన్నవి రాసుకున్నాడు. పైగా నాడీ అనే ఆట ఇంగ్లండ్‌లో అంతకుముందే ఉంది. ఆ పాత ఆటకి సక్లింగ్ కొత్త రూపం ఇచ్చాడు అనుకోవడం సబబు. 1641లో రాజు పక్షాన జరిగిన ఒక కుట్ర బయటపడి ఆయన ఫ్రాన్స్ పారిపోయాడు. మళ్ళీ తిరిగి రాలేదు. ఆట మాత్రం ఇంగ్లండ్‌లో నిలిచిపోయింది.

ఇంతకీ ఆ ఆట ఏమిటి? చెరో ఆరు ముక్కలు పంచుతారు. చెరో రెండు పక్కన పెడతారు. ఆ నాలుగూ కలిపితే క్రిబ్, అది పంచినవాడి సొత్తు. తర్వాత పేక కోసి ఒక ముక్క తెరుస్తారు, అది అందరి లెక్కలోకీ వస్తుంది. ముక్కల విలువ కలిపి 15 అయితే రెండు పాయింట్లు, జతకి రెండు, వరసకి ఎన్ని ముక్కలైతే అన్ని పాయింట్లు. జాకీ, రాణి, రాజు కూడా పదే. అంటే 52 ముక్కల్లో 16 ముక్కల విలువ పది. అందుకే అయిదు ముక్క బంగారం. నేను మొదటి రోజే అయిదుని మా నాన్నగారి క్రిబ్‌లో పడేశాను! స్కోరు కాగితం మీద రాయరు, చిల్లులున్న చెక్క మీద మేకుల్ని ముందుకి జరుపుతారు. ముందుగా 121 చేరినవాడిది గెలుపు.

నేర్చుకోవడం గురించి చెప్పాలంటే డికెన్స్ నవల ఒకటుంది, ‘ది ఓల్డ్ క్యూరియాసిటీ షాప్’, 1840-41లో వచ్చింది. అందులో డిక్ స్వివెలర్ అనే గుమాస్తా, ఆ ఆఫీసు ఇంట్లో సరైన తిండి కూడా లేని పనిపిల్లకి ముందు అన్నం పెట్టించి, ఆ తర్వాత క్రిబేజ్ నేర్పుతాడు. తర్వాత అతను జ్వరంతో పడిపోతే ఆ పిల్లే సేవ చేస్తుంది. అతను కళ్ళు తెరిచేసరికి మంచం పక్కన ఒక్కతే క్రిబేజ్ ఆడుకుంటూ ఉంటుంది.

జూదరి చేతిలో పుట్టినా, చివరికి ఇది చిన్న పందేల ఆటగా మిగిలింది. బ్రిటన్‌లో 1968 జూద చట్టం పబ్బుల్లో ప్రత్యేక అనుమతి లేకుండా ఆడుకోనిచ్చింది రెండింటినే: డామినోలు, క్రిబేజ్.

ఇందులో మగిన్స్ అని ఒక రూలుంది. ఎదుటివాడు తన పాయింట్లు లెక్కపెట్టడం మర్చిపోతే, అవి మనం తీసేసుకోవచ్చు. ఇష్టమైతేనే పెట్టుకునే రూలు అది, పెట్టుకుందామన్నది నాన్నగారే. మొన్న ఆయన చేతిలో 7, 8, 8, 9 ఉన్నాయి, తెరిచిన ముక్క రాజు. 12 రావాలి. ఆయన 9 అని మేకు జరిపారు. రెండు ఎనిమిదులున్నాయి కాబట్టి వరస రెండుసార్లు వస్తుంది, ఒకటి వదిలేశారు. ఒకప్పుడు నా ఎక్కాల తప్పులు వినగానే పట్టేసిన మనిషి. నేను చూడనట్టు ఊరుకున్నాను. కాసేపటికి ఆయనే తేల్చుకున్నారు.

“ఏరా, చూశావు కదా. రూలుంది, తీసుకో” అన్నారు.

మూడు పాయింట్లు తీసుకున్నాను. ఆ ఆట ఆయనే గెలిచారు.

మీ ఇంట్లో ఇద్దరే ఆడుకునే ఆటలేమిటో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.