పాటని కాస్త ఆగమనండి!

కృష్ణా జిల్లా వాళ్ళమని చెప్పగానే పైఊరివాళ్ళు ముందు అడిగేది కూచిపూడి గురించి. "మీకూ వచ్చా?" అంటారు. రాదండీ! మా ఊరికి కూచిపూడి ఎంత దగ్గరో, మా ఇంటి ఆడవాళ్ళకి నాట్యం అంత దూరం. అసలు కూచిపూడి చూసే ఆట. ఆడేవాళ్ళు ఆడతారు, మనం చాపలు పరుచుకుని కూర్చుంటాం. అందులోనూ సత్యభామ వేషాలు కూడా తరతరాలుగా మగవాళ్ళే కట్టారు. ఊరంతా దిగి ఆడే ఆట మాత్రం వేరే వుంది. అదే కోలాటం.

దాని పుట్టుపూర్వోత్తరాలు వెతుక్కుంటూ పోతే దారి మళ్ళీ మన దివిసీమకే వచ్చింది. 1253-54 ప్రాంతంలో సంస్కృతంలో 'నృత్తరత్నావళి' రాసిన జాయప సేనాని అక్కడివాడే. కాకతీయ గణపతిదేవుడు దివిసీమని జయించి, జాయప తోబుట్టువులు నారాంబ, పేరాంబలను పెళ్ళాడి, బావమరిదికి ఏనుగుల దళాన్ని అప్పగించాడు. ఏనుగుల్ని నడిపించే మనిషికి మనుషుల అడుగుల మీద ఇంత ఆసక్తేమిటో! ఎనిమిది అధ్యాయాల్లో నాలుగు మార్గ నృత్యానికిచ్చి, తక్కిన నాలుగూ దేశి నృత్యాలకి కేటాయించాడు. కోలలు పట్టుకుని గుంపుగా ఆడే దండరాసకం ఆ దేశిలోదే. మన కోలాటానికి ముత్తవ్వ అనుకోవచ్చు. విజయనగర రాజుల కాలానికి వస్తే, హంపీలో మహర్నవమి దిబ్బ మీది శిల్పాల్లో కోలలు పట్టినవాళ్ళు ఆడవాళ్ళే.

మరి మా అమ్మమ్మ కాలానికి ఆ కోలలు ఆడవాళ్ళ చేతుల్లోంచి ఎలా జారిపోయాయి? నాకు తోచిన కారణం ఇది. నాట్యం గుళ్ళోనూ మేజువాణీల్లోనూ ఒక కులం ఆడవాళ్ళ వృత్తిగా స్థిరపడ్డాక, అది తక్కినవాళ్ళకి పరువు తక్కువయింది. వీరేశలింగంగారు భోగం మేళాల మీద యుద్ధమే చేశారు. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ విధానాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. రావలసిందే. కానీ ఆడేవాళ్ళ మీద చులకన మాత్రం చట్టంతో పోలేదు. "సంసారి ఆడది గంతులేస్తుందా?" అన్నమాట నేను కూడా విన్నాను. పెళ్ళికాని పిల్లలైతే ధనుర్మాసంలో గొబ్బెమ్మల చుట్టూ చప్పట్లు కొడుతూ తిరగొచ్చు. మెళ్ళో పుస్తె పడగానే అదీ సరి.

కోతలూ నూర్పిళ్ళూ అయి, ధాన్యం ఇళ్ళకి చేరాక మా అమ్మమ్మగారి ఊళ్ళో వెన్నెల రాత్రుళ్ళు కోలాటం కట్టేవారట. మగవాళ్ళే. లోపలొక వరుస, వెలుపలొక వరుస, నడుమ తాళాలు పట్టుకుని గురువు, పక్కన మద్దెల. గురువు చరణం అందుకుంటే ఆడేవాళ్ళు తిరిగి పాడాలి, కోల తగిలించాలి, జంట మారాలి. ఈ అడుగుల వరసల్నే కోపులంటారు. జడకోలాటమైతే పైనుంచి కట్టిన తాళ్ళని ఆడుతూ జడలా అల్లి, మళ్ళీ ఎదురు తిరిగి విప్పాలి. ఒక్కడు తప్పాడా, అల్లిక అంతా చిక్కే! అప్పుడు గురువు ఏం చేస్తాడు? ఆ చరణాన్నే మళ్ళీ మళ్ళీ పాడతాడు, వెనకబడ్డవాడు వరసలోకి వచ్చేదాకా. అందరూ కుదిరాక నడక పెంచుతాడు. పదేళ్ళ పిల్లాడూ అరవయ్యేళ్ళ పెద్దాయనా ఒకే వరసలో ఆడగలిగింది ఇందువల్లే.

మా అమ్మమ్మకి ఆ పాటలన్నీ నోటికి వచ్చు. గురువు చరణం మరిచిపోతే కిటికీలోంచి అందించేదిట! పాడినంతసేపూ కుచ్చెళ్ళ కింద పాదం ఆడుతూనే వుండేదని అమ్మ చెప్పేది. ఆ కిటికీ దాటి వీధిలోకి మాత్రం ఒక్కనాడూ వెళ్ళలేదు.

ఇప్పుడు చూడండి, దేవుడి ఊరేగింపుల ముందు ఒకే రంగు చీరలు కట్టుకుని కోలాటం ఆడేది ఎక్కువగా ఆడవాళ్ళే. ఇల్లాళ్ళు, టీచర్లు, మనవలున్నవాళ్ళు. చూస్తే నాకు కళ్ళు చెమరుస్తాయి. కానీ చాలాచోట్ల నడుమ గురువుండడు, స్పీకరు పెట్టె వుంటుంది. కోలలు మన చేతికి వచ్చేసరికి పాట పెట్టెలోకి వెళ్ళిపోయిందన్నమాట. పెట్టెకి కళ్ళుండవు కదా. ఎవరు వెనకబడ్డారో దానికేం తెలుసు?

ఈమధ్య విజయవాడలో మా అపార్టుమెంటు మేడ మీద సంక్రాంతికని కోలాటం నేర్చుకోవడం మొదలెట్టాం. నేర్పే అమ్మాయి ఫోనులో పాట పెట్టింది. డెబ్బయి నాలుగేళ్ళ మా అత్తగారు సరదాపడి కోలలు పట్టుకున్నారు. మూడో తిరుగుడులో జంట తప్పిపోయి, నడుమ నిలబడిపోయారు. చుట్టూ కోలలు టకటకలాడుతున్నాయి.

"పాటని కాస్త ఆగమనవే అమ్మాయ్!" అన్నారు.

ఆ అమ్మాయి నవ్వింది. "అది ఆగదు మామ్మగారూ. మొదటినుంచీ పెట్టాలి."

"అయితే అది ఆపేసెయ్. నేను పాడతాను."

గొంతు కొంచెం వణికింది. మూడో తిరుగుడు దగ్గర మా పక్కింటి పాపకి అడుగు పడలేదు. అత్తగారు ఆ చరణాన్ని నాలుగుసార్లు పాడారు. నాలుగోసారికి పాప కోల నా కోలకి తగిలింది.

మర్నాడు సాయంత్రం ఆరింటికి మళ్ళీ రమ్మన్నారు. ఆ పాటకి ఇంకా తొమ్మిది చరణాలున్నాయట. మంచినీళ్ళ చెంబు మాత్రం నన్ను తెమ్మన్నారు.