చుక్కల లిపి చరిత్రము

చూపు లేనివారి కొఱకు చూపు గలవారు కల్పించిన లిపి యొకటి. చూపు లేనివారు తమ వ్రేళ్లతో తామే తీర్చుకొన్న లిపి మఱియొకటి. ఈ రెంటికిని పారిసు నగరమున 1829 మొదలు 1854 వఱకు జరిగిన సంఘర్షణము విద్యాచరిత్రలో చిన్న యధ్యాయమే. అయినను, ఒక పరికరమును ఎవరి కొఱకు చేయుచున్నామో వారిని ఆ పనిలో కలుపుకొనవలెనా, అక్కఱలేదా యను ప్రశ్న ఇంత స్పష్టముగా మఱియొకచోట పొడచూపలేదని మా యభిప్రాయము.

అంధబాలురకు పారిసులో మొదట పాఠశాల పెట్టిన వాలెంటిన్ హావీ దయాళువు. ఆయన తడిసిన దళసరి కాగితముపై రోమను అక్షరములను ఉబ్బెత్తుగా ఒత్తించి పుస్తకములు చేయించెను. అవి మోయ బరువు, చదువ మందము. అక్షరముల వంపులు కంటికి ఇట్టే తెలియును గాని వ్రేలికొనకు చిక్కవు. అంతకు మించిన లోపము, విద్యార్థి ఆ లిపిలో తనంతట తాను ఒక్క మాటయు వ్రాసికొనజాలడు. చదువు వచ్చును, వ్రాత రాదు; వినవచ్చును, బదులు చెప్పరాదు.

లూయీ బ్రెయిలీ 1809లో కూప్‌వ్రే గ్రామమున గుఱ్ఱపుజీనులు కుట్టువాని యింట పుట్టెను. మూడేండ్ల ప్రాయమున తండ్రి పనిచోట ఆరెతో ఆడుకొనుచు కన్ను పొడుచుకొనెను. క్రమముగా రెండవ కన్నును పోయెను. 1819లో ఆ పాఠశాలలో చేరెను. 1821లో చార్లెస్ బార్బియే యను మాజీ సైనికోద్యోగి పండ్రెండు చుక్కల సంకేతలిపి నొకదానిని అచ్చటికి తెచ్చెను. గీతకంటె చుక్క వ్రేలికి సులభముగా తెలియునన్నది గొప్ప సంగతి. కాని నిలువున ఆఱేసి చుక్కలు రెండు వరుసలు పేర్చినచో అది వ్రేలికొన క్రింద ఇమడదు. వ్రేలిని పైకి క్రిందికి ఆడింపవలెను. పైగా ఆ గుర్తులు ధ్వనులకే గాని వర్ణక్రమమునకు కావు. ఈ చిక్కు చూచువానికి తోచునది కాదు, తడవువానికే తోచును. పదునైదేండ్ల బ్రెయిలీ 1824 నాటికి పండ్రెండును ఆఱు చేసెను. ఆఱు చుక్కల కూర్పులచే 63 గుర్తులేర్పడును; ఒక్క స్పర్శలో ఒక్క గుర్తు తెలియును. పలకయు మొనగల పుల్లయు నున్నచో ఎవడైనను వ్రాసికొనవచ్చును. 1829లో ఈ పద్ధతిని ప్రకటించిన గ్రంథమున బార్బియే ఋణమును ఆయన స్మరించెను. ఆ గ్రంథము మాత్రము పాత ఉబ్బెత్తు రోమను అక్షరములలోనే అచ్చయినది!

1840లో అధికారియైన ద్యుఫో ఈ చుక్కలను నిషేధించెను; పుస్తకములను కాల్పించెను. వేఱు లిపి నేర్చినవారు లోకమునుండి వేఱగుదురని చూపు గలవారి భయము. దానిలో కొంత న్యాయము లేకపోలేదు. కాని ఉపాధ్యాయులమగు మాకు మఱియొక కారణమును తోచుచున్నది: క్రొత్తది నేర్వవలసి వచ్చినప్పుడు గురువునకు దొరకు నభ్యంతరములకు కొదువ యుండదు. పిల్లలు రహస్యముగా వ్రాసికొనుట మానలేదు. సహాయాధికారి గ్వాదే వారి పక్షము వహించెను. 1844లో క్రొత్త భవనమును తెఱచిననాడు ఆ లిపిని సభలో ప్రదర్శించిరి. బ్రెయిలీ 1852లో క్షయచే మరణించెను. ప్రభుత్వాంగీకారము లభించినది 1854లో.

వేఱుపాటు భయమునకు ఆయన మాటలతో గాక పనితో బదులు చెప్పెనన్నది చాలమందికి తెలియదు. చూపు గలవారు చదువదగిన రోమను అక్షరములనే చుక్కలతో కూర్చు పద్ధతిని 1839లో ప్రకటించెను. అది చేతితో వ్రాయ మిక్కిలి ఆలస్యము. ఆ పాఠశాలలోనే చదివిన ఫూకో యను అంధశిల్పి 1841లో దానికి మీటల యంత్రమును నిర్మించెను. అంగడిలో టైపు యంత్రము వెలయుటకు ముప్పదియేండ్లకు పూర్వమే, ఇద్దరు అంధులు కూడి తల్లిదండ్రులకు జాబు వ్రాయు యంత్రమును సాధించిరి.

మన దేశమున చుక్కల లిపి చిరకాలము పలు తెఱగుల నుండెను. 1951లో భారతీ బ్రెయిలీ ఏర్పడి, హిందీ క-కారమునకును తెనుగు క-కారమునకును గుర్తు ఒక్కటే యయ్యెను. గుడియు కొమ్మును అక్షరముపై నెక్కక ప్రక్కనే వచ్చును. అయినను మన యిండ్లలో చూపులేని బిడ్డకు పాటయే చాలునని తలచు పెద్దలు నేటికిని కలరు.

కంప్యూటరు తెరను చదివి వినిపించు సాధనములు ఒకప్పుడు మిక్కిలి ప్రియము. 2006లో మైకేల్ కరన్ అను ఆస్ట్రేలియా అంధ యువకుడు ఉచితముగా దొరకు ఎన్.వి.డి.ఏ. అను సాధనమును ఆరంభించెను. దాని నిర్మాణసూత్రములు బహిరంగములు గనుక దేశదేశముల వాడుకరులు తామే దానిని దిద్ది, తమ భాషలలోనికి తెచ్చుకొనిరి. ఇప్పుడు దూరదేశముల వారు ఒక్క తెరపై చిత్తు పటములు గీసి, చీటీలు అంటించి వస్తువులను రూపొందించుచున్నారు. ఆ పటమునకు మాటలలో వివరణ మెవరును వ్రాయనిచో ఈ సాధనము "బొమ్మ" యని మాత్రము పలికి ముందునకు సాగును.