గోదావరి డెల్టా ఎన్నికల్లో ఉపాధి చర్చ

ఉమ్మడి తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో పని, కూలి, పంట ధర, ప్రభుత్వోద్యోగాల గురించి రాజకీయ పక్షాల మధ్య 1930ల నుంచి నడుస్తున్న వాదోపవాదాల చరిత్ర ఇది. తొలి దశలో శిస్తు, ధాన్యం ధర ప్రధానాంశాలు. ఆ తరువాత బియ్యం ధర, కూలి రేటు ముందుకొచ్చాయి. 2014 నుంచి నెలజీతపు ఉద్యోగం కేంద్రస్థానం ఆక్రమించింది. ఈ రెండు జిల్లాల్లో 34 శాసనసభ స్థానాలున్నాయి. 2014, 2019, 2024 ఎన్నికల్లో ఇక్కడ ఆధిక్యం సాధించిన పక్షమే రాష్ట్రంలో అధికారానికి వచ్చింది.

నేపథ్యం

ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847–1852 మధ్య ధవళేశ్వరం వద్ద ఆనకట్ట కట్టాక డెల్టా వరి సీమగా మారింది. సార్వా, దాళ్వా రెండు పంటలు పండినా కూలిపని ఊడ్పులకు, కోతలకే పరిమితం. మిగతా నెలల్లో పని వెతుక్కోవలసిందే. అందుకే పంటలున్న ప్రాంతం నుంచే వలసలు సాగాయి. కోరంగి, కాకినాడ రేవుల నుంచి వేలాదిమంది రంగూన్ వెళ్లి ఓడరేవులో, మిల్లుల్లో పనిచేశారు. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలపై జరిగిన దాడులు ఆ దారిని దెబ్బతీశాయి. తరువాతి తరాల్లో కోనసీమ, నరసాపురం ప్రాంతాల మహిళలు ఇంటిపని కోసం కువైట్ తదితర గల్ఫ్ దేశాల బాట పట్టారు. వరికోత యంత్రాలు వచ్చాక పొలంలో కూలిదినాలు తగ్గాయి. భీమవరం చుట్టుపక్కల వరిచేలు చేపల, రొయ్యల చెరువులుగా మారడంతో పని స్వరూపమే మారిపోయింది.

తొలి ఎన్నికలు: 1937, 1955

1929 తరువాత ప్రపంచ ఆర్థిక మాంద్యంలో ధాన్యం ధర పడిపోయింది. అదే కాలంలో మద్రాసు ప్రభుత్వం కృష్ణా, గోదావరి జిల్లాల్లో రీసెటిల్‌మెంట్ పేరిట శిస్తు పెంచబూనడం రైతుల ఆందోళనకు దారితీసింది. 1937 ఎన్నికల్లో కాంగ్రెస్ ఈ అసంతృప్తిని జస్టిస్ పార్టీకి వ్యతిరేకంగా మలచుకుని, మద్రాసు శాసనసభలోని 215 స్థానాల్లో 159 గెలుచుకుంది. రాజాజీ ప్రభుత్వం 1938లో రైతు రుణవిమోచన చట్టం తెచ్చింది.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన ఏడాదికే ఉపాధి ప్రశ్న ప్రభుత్వాన్నే కూల్చింది. మద్యనిషేధంతో కల్లుగీత కార్మికులు బతుకుతెరువు కోల్పోయారు. నిషేధాన్ని ఎత్తివేయాలన్న రామమూర్తి కమిటీ సిఫారసును ప్రకాశం ప్రభుత్వం అమలు చేయలేదు. గౌతు లచ్చన్న నాయకత్వంలో గీత కార్మికులు సత్యాగ్రహం చేశారు. 1954 నవంబరులో ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో ఓడింది. 1955 మధ్యంతర ఎన్నికల్లో భూమి పంపిణీ, కూలి నినాదాలతో కమ్యూనిస్టులు బరిలోకి దిగారు. కాంగ్రెస్, కృషికార్ లోక్ పార్టీ, ప్రజా పార్టీ ఐక్యంగా వారిని ఎదుర్కొన్నాయి. 196 స్థానాల్లో ఐక్య కాంగ్రెస్ కూటమికి 146, కమ్యూనిస్టులకు 15 దక్కాయి.

బియ్యం ధర నుంచి కూలి రేటు దాకా

1983లో ఎన్.టి. రామారావు కిలో రెండు రూపాయల బియ్యం హామీతో కూలి కుటుంబాల ఖర్చును ఎన్నికల అంశంగా మార్చారు. తెలుగుదేశం 201 స్థానాలు గెలిచింది.

జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం తూర్పు గోదావరికి 2007లో, పశ్చిమ గోదావరికి 2008లో విస్తరించింది. దీనిపై డెల్టా రెండుగా చీలింది. సాగు సీజన్‌లో కూలీలు దొరకడం లేదనీ, పథకాన్ని వ్యవసాయ పనులకు అనుసంధానించాలనీ రైతులు కోరారు. కూలి పెరగడం తమ హక్కు అని వ్యవసాయ కార్మిక సంఘాలు బదులిచ్చాయి. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. మద్దతు ధర చాలకపోవడం, ధాన్యం అమ్ముడుపోకపోవడం, మురుగు కాలువల దుస్థితి, కూలి ఖర్చు కారణాలుగా చూపారు. రాష్ట్ర ప్రభుత్వం మోహన్ కందా కమిటీని నియమించింది. 2022లో కోనసీమలో పంట విరామం మాట మళ్లీ వినిపించినప్పుడు అధికారంలో వేరే పార్టీ ఉంది.

2014–2019: ఉద్యోగ నినాదం

రాష్ట్ర విభజనతో హైదరాబాద్ కొలువులు దూరమవుతాయన్న భయం 2014 ఎన్నికలను కమ్మేసింది. ‘జాబు కావాలంటే బాబు రావాలి’ అన్నది తెలుగుదేశం నినాదం. ఇంటికో ఉద్యోగం, లేదంటే నెలకు రెండు వేల నిరుద్యోగ భృతి అని ఆ పార్టీ చెప్పింది. పశ్చిమ గోదావరిలోని 15 స్థానాలూ తెలుగుదేశం–బీజేపీ కూటమికే దక్కాయి.

నాలుగేళ్ల తరువాత, 2018 అక్టోబరు 2న, వెయ్యి రూపాయలతో ముఖ్యమంత్రి యువనేస్తం మొదలైంది. ఆలస్యాన్నీ, సగానికి తగ్గిన మొత్తాన్నీ వైసీపీ ప్రచారాస్త్రంగా వాడుకుంది.

రిజర్వేషన్ ఉద్యమం కూడా ఉద్యోగాల పోరులో భాగమే. ముద్రగడ పద్మనాభం నాయకత్వంలో 2016 జనవరి 31న తునిలో జరిగిన కాపు గర్జన సందర్భంగా రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ దగ్ధమైంది. 2017 డిసెంబరులో శాసనసభ కాపులకు 5 శాతం రిజర్వేషన్ బిల్లు ఆమోదించింది. అది కేంద్రం చేతిలోని విషయమనీ, తాను హామీ ఇవ్వలేననీ 2018 జులైలో వైసీపీ అధినేత జగన్‌మోహన్ రెడ్డి జగ్గంపేటలో చెప్పారు. ఈ కాలంలోనే భీమవరం మండలం తుందుర్రు ఆక్వా ఫుడ్ పార్కుపై వివాదం నడిచింది. ప్రభుత్వం ఉద్యోగాల పేరు చెబితే, గ్రామస్థులు కాలుష్యాన్ని చూపారు. అప్పటి విపక్షాలు వైసీపీ, జనసేన గ్రామస్థుల పక్షం వహించాయి.

2019లో వైసీపీ రెండు జిల్లాల్లో 27 స్థానాలు గెలిచింది. జనసేన గెలిచిన ఏకైక స్థానం కోనసీమలోని రాజోలు.

2019–2024: లెక్కల తగాదా

2019 అక్టోబరు 2న తూర్పు గోదావరి జిల్లా కరపలో గ్రామ సచివాలయ వ్యవస్థ ప్రారంభమైంది. లక్షకు పైగా శాశ్వత ఉద్యోగాలు, ఐదు వేల గౌరవ వేతనంతో దాదాపు రెండున్నర లక్షల వలంటీర్లు దానితో వచ్చారు. వీటిని ప్రభుత్వం తన ఉపాధి రికార్డుగా చూపింది. గౌరవ వేతనాన్ని ఉద్యోగమని ఎలా అంటారని ప్రతిపక్షం నిలదీసింది. ఏటా జాబ్ క్యాలెండర్ విడుదల చేస్తామన్న హామీకి భిన్నంగా 2021 జూన్‌లో 10,143 పోస్టులతో ఒక్క క్యాలెండరే వచ్చిందని నిరుద్యోగులు రోడ్డెక్కారు. పరిశ్రమల్లో 75 శాతం కొలువులు స్థానికులకేనన్న 2019 చట్టాన్ని వైసీపీ ఘనతగా చెప్పుకుంటే, పరిశ్రమలే రాకపోతే వాటా ఎక్కడిదన్నది ప్రత్యర్థుల ఎదురుప్రశ్న.

కేంద్ర ప్రభుత్వ శ్రామికశక్తి సర్వే గణాంకాలు కూడా రెండు వైపులా పనికొచ్చాయి. 2022–23లో రాష్ట్ర సాధారణ నిరుద్యోగ రేటు 4 శాతం దరిదాపుల్లో ఉంటే, పట్టభద్రుల్లో అది 24 శాతం. మొదటి అంకె పాలక పక్షానికి, రెండోది ప్రతిపక్షానికి ఆయుధమైంది. ఏ పనీ లేకుండా గడపలేని పేద కూలీ మొదటి లెక్కలో ఉపాధి ఉన్నవాడే. చదువుకు తగిన కొలువు కోసం ఇంటి ఆసరాతో ఎదురుచూసే యువకుడు రెండో లెక్కకు బరువు పెంచుతాడు. కాబట్టి రెండు అంకెలూ ఒకేసారి నిజం కాగలవు.

ప్రచార ఘట్టాలకు రాజమహేంద్రవరం వేదికైంది. 2023 మే నెలాఖరులో అక్కడ జరిగిన మహానాడులో తెలుగుదేశం 20 లక్షల ఉద్యోగాలు, అవి వచ్చేదాకా నెలకు మూడు వేల భృతి ప్రకటించింది. యువత శిక్షణ కోసం పెట్టిన నైపుణ్యాభివృద్ధి సంస్థ కేసులో సెప్టెంబరు 9న అరెస్టయిన చంద్రబాబు నాయుడిని ఆ ఊరి కేంద్ర కారాగారంలోనే ఉంచారు. సెప్టెంబరు 14న ఆయన్ను కలిసి, జైలు బయటే జనసేన అధినేత పవన్ కల్యాణ్ తెలుగుదేశంతో పొత్తు ప్రకటించారు. 2024 ఫిబ్రవరిలో ప్రభుత్వం 6,100 పోస్టులతో ఉపాధ్యాయ నియామకాల డీఎస్సీ నోటిఫికేషన్ ఇవ్వగా, విపక్షాలు దాన్ని ‘దగా డీఎస్సీ’ అన్నాయి. సంక్షేమ పథకాల ద్వారా నేరుగా ఖాతాల్లో వేసిన సొమ్మే ఆర్థిక వ్యవస్థను నిలబెట్టిందని వైసీపీ వాదించింది. ప్రచారం సాగుతుండగానే ఏప్రిల్‌లో రాజమహేంద్రవరం పేపరు మిల్లులో సమ్మె, లాకౌట్ జరిగాయి.

మే 13న జరిగిన పోలింగులో తెలుగుదేశం–జనసేన–బీజేపీ కూటమి రెండు జిల్లాల్లోని 34 స్థానాలనూ గెలుచుకుంది.

చర్చ స్వభావం, తదనంతరం

పాలనలో ఉన్న పక్షం ఇంటికి చేరిన రూపాయలను, బయట ఉన్న పక్షం భర్తీకాని పోస్టులను లెక్కపెట్టడం 2014 తరువాతి చర్చ లక్షణం. కౌలురైతు ఆదాయం, రొయ్యల ప్రాసెసింగ్ కేంద్రాల్లో మహిళల వేతనాలు, గల్ఫ్ వలసలు ఈ రెండు లెక్కల్లోనూ పక్కకే ఉండిపోయాయి. నరసాపురం లేసు అల్లే మహిళలపై మరియా మీస్ 1982లో ప్రచురించిన అధ్యయనం ఈ వెలితిని ముందే పట్టుకుంది: ఇంట్లో కూర్చుని ఎగుమతి సరుకు తయారుచేసే స్త్రీని సమాజం గృహిణిగానే చూస్తుందని ఆమె చూపారు.

చంద్రబాబు నాయుడు 2024 జూన్ 13న బాధ్యతలు స్వీకరించి 16,347 పోస్టుల మెగా డీఎస్సీ దస్త్రంపై తొలి సంతకం చేశారు. నియామక పత్రాలు 2025 సెప్టెంబరులో అందాయి. కూటమి పది వేలకు పెంచుతామన్న వలంటీర్ల గౌరవ వేతనం మాత్రం పెరగలేదు. ఆ వ్యవస్థే కొనసాగలేదు. 2025 మార్చి 12న వైసీపీ ‘యువత పోరు’ పేరిట వీధుల్లోకి వచ్చి నెలకు మూడు వేల భృతి ఎప్పుడని అడిగింది. గతంలో యువనేస్తంపై ఆ పార్టీ వేసిన ప్రశ్న కూడా భృతి గురించే.