తాడ్వాయి ప్రాంతానికి రహదారులు, భవనాల శాఖ చిరకాల సేవలు

కామారెడ్డి జిల్లా తాడ్వాయి మండల ప్రజల దైనందిన జీవితంలో కామారెడ్డి–ఎల్లారెడ్డి రహదారికి విశిష్ట స్థానమున్నది. రెవెన్యూ పరిపాలనలో కామారెడ్డి డివిజనుకు, శాసనసభ ప్రాతినిధ్యంలో ఎల్లారెడ్డి నియోజకవర్గానికి చెందిన ఈ మండలాన్ని ఆ రెండు పట్టణాలతో కలుపుతున్న ప్రధాన మార్గమిదే. (ములుగు జిల్లాలోని తాడ్వాయి వేరొక మండలం.)

నేపథ్యం: రహదారులు, భవనాల శాఖకు మూలం హైదరాబాద్ సంస్థానపు పబ్లిక్ వర్క్స్ విభాగం. మంజీర నదిపై నిజాంసాగర్ ప్రాజెక్టును రూపొందించిన నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ ఆ విభాగానికి చెందిన ఇంజనీరే. ఆయన జన్మదినమైన జూలై 11న తెలంగాణ ఇంజనీర్ల దినోత్సవాన్ని నిర్వహిస్తున్నారు. 1956లో ఆంధ్రప్రదేశ్, 2014లో తెలంగాణ ఏర్పడగా, 2016 అక్టోబరు 11న నిజామాబాద్ నుండి విడివడి కామారెడ్డి జిల్లా అవతరించింది. పాలనా సరిహద్దులు మారినప్పటికీ రహదారి నిర్వహణ నిరంతరాయంగా కొనసాగింది.

బాధ్యతల విభజన: కామారెడ్డి మీదుగా వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి (పూర్వపు 7వ నంబరు) జాతీయ రహదారుల ప్రాధికార సంస్థ పరిధిలోనిది. రాష్ట్ర రహదారులు, ప్రధాన జిల్లా రహదారులు రహదారులు, భవనాల శాఖవి. గ్రామీణ రహదారులను ప్రధానంగా పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ విభాగం పర్యవేక్షిస్తుంది.

క్షేత్రస్థాయి సేవలు: గుంతలను పూడ్చడం, రోడ్డు అంచులకు మొరం పోయడం, వర్షాకాలానికి ముందే కల్వర్టుల పూడిక తీయించడం, కూలిన చెట్లను తొలగించడం సిబ్బంది నిత్యకృత్యాలు. వర్క్ ఇన్‌స్పెక్టర్లు, రోడ్డు కూలీల ఈ శ్రమ ప్రారంభోత్సవాల శిలాఫలకాలపై కనిపించదు. అయితే రైతు ధాన్యం మార్కెట్టుకు చేరడానికీ, విద్యార్థి కళాశాలకు, రోగి ఆసుపత్రికి సకాలంలో వెళ్లడానికీ అదే ఆధారం.

వరదల పరీక్ష: 2025 ఆగస్టు చివరి వారంలో కురిసిన కుండపోత వర్షాలు జిల్లాను అతలాకుతలం చేశాయి. రాజంపేట మండలం ఆర్గొండలో 40 సెంటీమీటర్లకు పైగా వర్షపాతం నమోదైంది. పలుచోట్ల రోడ్లు కోతకు గురై, రాకపోకలు స్తంభించాయి. ముఖ్యమంత్రి శ్రీ ఎ.రేవంత్ రెడ్డి సెప్టెంబరు 4న జిల్లాలో పర్యటించి, లింగంపేట మండలం లింగంపల్లి కుర్దు వద్ద దెబ్బతిన్న వంతెనను పరిశీలించారు.

తెగిన రోడ్డుకు మట్టి, కంకర నింపి రాకపోకలను పునరుద్ధరించడం తక్షణ కర్తవ్యం. వరద నీరు సాఫీగా పోయేలా వంతెనల, కల్వర్టుల నీటి మార్గాలను విస్తరించడం శాశ్వత పరిష్కారం. ఒక్క కల్వర్టు కొట్టుకుపోయినా ఆవలి గ్రామాలకు అంబులెన్సు చేరదు. చిరకాలంగా ఈ మార్గాన్ని కాపాడుతూ వచ్చిన సిబ్బంది సేవలకు నిజమైన గౌరవం, వారు నిలబెట్టిన రహదారిని రాబోయే వరదలను సైతం తట్టుకునేలా పటిష్ఠపరచడమే.