అక్షరాల బదులు డబ్బాలు: ఫోన్ అప్‌డేట్ల చరిత్ర

చరిత్ర పాఠంలో మనం శాసనాల గురించి చదువుతాం. రాతి మీద చెక్కిన అక్షరం వెయ్యేళ్లయినా కనపడుతుంది. ఫోనులో అక్షరం సంగతి అట్లా కాదు. లోపలి సాఫ్ట్‌వేర్‌కు ఆ అక్షరం తెలిస్తేనే తెర మీదికి వస్తుంది. 2012కు ముందు వచ్చిన చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు మెసేజ్ వస్తే వరుసగా ఖాళీ డబ్బాలే కనిపించేవి. ఆ సంవత్సరం గూగుల్ విడుదల చేసిన ఆండ్రాయిడ్ 4.1లో తెలుగు, కన్నడ, మలయాళం మూడూ ఒకేసారి చేరాయి. ఇంట్లో తెలుగు మాట్లాడి, బస్సు బోర్డు కన్నడలో చదివే మా కప్పగల్లు పిల్లలకు ఇది ఇష్టమైన సంగతి!

అయితే 4.1 విడుదలైనంత మాత్రాన అందరి ఫోన్లలోకీ రాలేదు. పాత ఫోన్లున్న చాలామందికి ఆ అప్‌డేట్ అందనేలేదు. తెలుగు చదవడానికి కొత్త ఫోనే కొనాల్సి వచ్చింది. ఎందుకట్లా?

ఆండ్రాయిడ్ అడుగున లినక్స్ కెర్నల్ ఉంటుంది. 1991లో ఫిన్లాండ్‌లో లినస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల విద్యార్థి మొదలుపెట్టిన ప్రోగ్రాం అది. తెర, కెమెరా, బ్యాటరీ వంటి భాగాలకూ యాప్‌లకూ మధ్య మాట నడిపేది కెర్నలే. దాంట్లో ఒక లోపాన్ని సరిచేశారనుకోండి. అది గూగుల్‌కు, చిప్పులు చేసే క్వాల్‌కామ్, మీడియాటెక్ వంటి కంపెనీలకు, ఆ తర్వాత ఫోను కంపెనీకి చేరాలి. అప్పుడే మన చేతికి వస్తుంది. మన తుంగభద్ర కాలువ మాదిరే గదా! డ్యాంలో నీళ్లున్నా మధ్యలో ఒక్క తూము మూసేస్తే చివరి పొలం ఎండుతుంది. చిప్పు కంపెనీ పాత కెర్నల్‌కు తన సొంత మార్పులు చేసుకుని, కొన్నాళ్లకు ఆ చిప్పును పట్టించుకోవడం మానేస్తుంది. ఫోను కంపెనీకేమో కొత్త ఫోను అమ్మితేనే డబ్బులు. నా లెక్కలో ఇది చేతకాక జరిగేది కాదు, లాభం లేక జరిగేది.

2014 సెప్టెంబరులో గూగుల్ మన దేశంలోనే ఆండ్రాయిడ్ వన్ మొదలుపెట్టింది. మైక్రోమ్యాక్స్, కార్బన్, స్పైస్ ఫోన్లు 6,399 రూపాయల నుంచి దొరికాయి, రెండేళ్ల వరకు అప్‌డేట్లు ఇస్తామన్నారు. మరుసటి ఏడాది ఆంధ్రాలోని శ్రీసిటీలో షావొమీ ఫోన్ల తయారీ మొదలైంది. ఫోను మన పక్క రాష్ట్రంలో తయారైనా, అప్‌డేట్ ఇచ్చే నిర్ణయం మాత్రం కంపెనీ చేతిలోనే ఉండిపోయింది.

2018 ఫిబ్రవరిలో జరిగింది వింటే నవ్వొస్తుంది. ‘జ్ఞా’ అనే మన అక్షరం ఒక ప్రత్యేక రూపంలో మెసేజ్‌గా వస్తే ఐఫోనులో యాప్ మూసుకుపోయేది. జ్ఞానం మొదటి అక్షరానికే అంత ఖరీదైన ఫోను మొరాయించింది! ఆ నెల 19న ఆపిల్ సరిచేసి అప్‌డేట్ ఇచ్చింది. 2013 నాటి ఐఫోన్ 5ఎస్‌కు కూడా అది వచ్చింది. ఐఫోనులో ఉండేది లినక్స్ కాదు, అది వేరే సంగతి. ఫోనూ సాఫ్ట్‌వేరూ ఒకే కంపెనీవి కాబట్టి మధ్యలో తూములు లేవు.

మా నాయన ఫోను కంపెనీ పేరు రాయను గానీ, దానికి రెండేళ్లుగా అప్‌డేట్ లేదు. కొనేటప్పుడు అంగడాయన కెమెరా, ర్యామ్ గురించి చెప్పాడు. అప్‌డేట్లు ఎన్నేళ్లు వస్తాయో ఆయనా చెప్పలేదు, మేమూ అడగలేదు.

2017లో కొన్ని లినక్స్ కెర్నళ్లను ఆరేళ్లు కాపాడతామని ప్రకటించారు. 2023లో మళ్లీ రెండేళ్లకే తగ్గిస్తామన్నారు. అంత పాత కెర్నళ్లను వాడేవాళ్లు తక్కువ, వాటిని చూసుకునేవాళ్లకు భారం ఎక్కువ. అదే ఏడాది అక్టోబరులో పిక్సెల్ 8కు ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామని గూగుల్ మాటిచ్చింది. అప్పుడు దాని ధర 75,999 రూపాయలుండేది. మా ఊళ్లో అంత పెట్టి ఫోను ఎవరు కొంటారు?

యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి కొత్త నియమం వచ్చింది. ఒక రకం ఫోను అమ్మకం ఆపిన తర్వాత కూడా కనీసం ఐదేళ్లు అప్‌డేట్లు అందుబాటులో ఉంచాలి. అక్కడ అమ్మే కంపెనీల్లో చాలావాటి ఫోన్లే బళ్లారి అంగళ్లలోనూ ఉన్నాయి.