చక్రానికి బుఖార్ వస్తే

మా దాదా లాలాగూడ రైల్వే కార్ఖానాలో నౌక్రీ చేసిన మనిషి. చదివింది నాలుగో జమాత్. ఏ బండి ఆగినా ముందు చక్రం నడిమధ్యకు అరచెయ్యి తీసుకుపోయేవాడు. "చక్రం బీమార్ పడితే ముందు బుఖారే వస్తది బేటా" అనేవాడు.

ఆ ఆదత్ వెనక మన సికింద్రాబాద్ తారీఖ్ ఉంది. 1874లో ఇక్కడికి రైలొచ్చింది. 1893లో లాలాగూడ వర్క్‌షాప్ మొదలైంది. ఆ జమానాలో రైలు డబ్బాల ఇరుసులకు రోలర్లు లేవు. ఇత్తడి దిమ్మ కింద ఇరుసు తిరిగేది, నూనెలో నానిన పీచు దాన్ని తడుపుతుండేది. నూనె తగ్గితే లోహం కాలి పొగ లేచేది. ఆ వేడిని ముందే పసిగట్టడం ఒక హునర్.

1898లో అమెరికాలో హెన్రీ టిమ్‌కెన్ ఏటవాలు రోలర్ల బేరింగుకు పేటెంట్ తీసుకున్నాడు. అది బండి బరువు మోస్తుంది, మలుపులో పక్కకు తోసే జోర్‌నీ ఆపుతుంది. మోటారు చక్రానికి కావలసింది అదే. 1932లో నిజాం స్టేట్ రైల్వే 27 బస్సులు, 166 మంది ములాజిమ్‌లతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. అంటే మన దగ్గర రైలూ బస్సూ ఒకే ఇదారా బిడ్డలు. 1951లో బస్సులు హుకూమత్ చేతికి పోయాయి.

అబ్బా కొన్న పాత కారుతో ఆ హునర్ మా సహన్‌లోకి వచ్చింది. ముందు చక్రం గుర్రుమంటుంటే ఇంట్లోనే విప్పాం. జాకీని నమ్మకుండా కింద స్టాండు పెట్టాం. చక్రం తీసి, మూత ఊడదీసి, స్ప్లిట్ పిన్ను లాగి, నట్టు విప్పి హబ్ కదిపితే బయటి చిన్న బేరింగ్ చేతిలోకి జారింది. పెద్దది లోపల, ఆయిల్ సీలు వెనక ఉంది. కిరోసిన్‌తో కడిగితే రోలర్ల మీద గుంటలు బయటపడ్డాయి. రాణీగంజ్‌లో కొత్త జోడీ కొన్నాం. పాత కప్పులను ఇత్తడి కడ్డీతో కొట్టి తీసి, కొత్తవి దించి, గ్రీజు కూరాం.

ఆఖరి నట్టు నేనే బిగించాను, ఒంట్లో బలమంతా పెట్టి. బిగుతే మజ్బూతీ అనుకున్నాను.

మేడ్చల్ దారిలో గ్రీజు మాడిన వాసన వచ్చింది. కారులో అమ్మీ, చెల్లి ఉన్నారు. దాదా దిగి చెయ్యి చాచి, చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. విప్పి చూస్తే రోలర్లు నీలం తిరిగాయి. ఇంకాస్త దూరం పోయుంటే చక్రం పట్టేసేది. తిడతాడనుకున్నాను. దాదా నా మణికట్టు పట్టుకుని ఆ వేడి దగ్గరికి తీసుకుపోయాడు. "యాద్ పెట్టుకో" అన్నాడు. అంతే.

మళ్లీ కొత్త జోడీ వేసినప్పుడు నేర్పాడు: చక్రం తిప్పుతూ నట్టు బిగించాలి, తర్వాత కాస్త వదలాలి. చక్రం ఊగకూడదు, హాయిగా తిరగాలి. స్ప్లిట్ పిన్ను ప్రతిసారీ కొత్తదే.

ఇప్పటి చాలా కార్లలో హబ్, బేరింగ్ కలిపి సీలు చేసిన ఒకే ముక్క. కొన్నిటికి ప్రెస్ మెషీన్ కావాలి. ఇంట్లో మొండిగా సుత్తితో కొడితే కొత్త బేరింగే ఖరాబ్ అవుతుంది, ఉస్తాద్ దగ్గరికే పోవాలి. కానీ దూరం పోయి ఆగిన ప్రతిసారీ నేను నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి చాచి చూస్తాను, తాకకుండా. ఒకటి మిగతావాటి కన్నా వేడిగా ఉంటే బండి కదిలించను. దాదా నాకు వదిలిన జాయిదాద్ అదే.