ప్రసార కేంద్రాల వార్షిక ప్రభుత్వ రుసుములు: బాన్సువాడ, తెలంగాణ నేపథ్యంలో

రేడియో, టెలివిజన్, కేబుల్ ప్రసారాలు నడిపేవారు తమ అనుమతి నిలుపుకోవడానికి ఏటా ప్రభుత్వానికి కట్టే సొమ్మును ప్రసార కేంద్రాల వార్షిక రుసుము అంటారు. భారతదేశంలో ఇది ఒకే పద్దు కింద వసూలయ్యే మొత్తం కాదు. అనుమతి రుసుము లేదా లైసెన్సు ఫీజు సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖకు చెల్లుతుంది. గాలిలో తరంగాలు వాడుకున్నందుకు కట్టే స్పెక్ట్రమ్ రుసుము టెలికమ్యూనికేషన్ల శాఖలోని వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ (డబ్ల్యూపీసీ) విభాగానికి చేరుతుంది. వందేళ్ల చరిత్రలో ఈ భారం శ్రోత మీద నుంచి ప్రసారకర్త మీదికి మారింది. ఎఫ్‌ఎం, డీటీహెచ్ రంగాల్లో స్థిర మొత్తం పోయి ఆదాయంలో వాటా వచ్చింది.

కామారెడ్డి జిల్లాలోని బాన్సువాడ నిజాంసాగర్ ఆయకట్టు పట్టణం, రెవెన్యూ డివిజన్ కేంద్రం. 2016 అక్టోబరు 11 వరకు ఇది నిజామాబాద్ జిల్లాలో ఉండేది. ప్రైవేటు ఎఫ్‌ఎం వేలం జాబితాలో చోటు దక్కని ఇలాంటి పట్టణాల్లో ప్రసార రుసుము కట్టే వ్యాపారి ఎక్కువగా స్థానిక కేబుల్ ఆపరేటరే. అందుకే ఈ రుసుముల చరిత్రలో మహానగరాల ఎఫ్‌ఎం కేంద్రాలతో పాటు చిన్న ఊళ్ల కేబుల్‌నూ, పల్లె రేడియోనూ చూడాలి.

చట్టపరమైన మూలం

ఈ రుసుములకు పునాది 1885 నాటి భారత టెలిగ్రాఫ్ చట్టం. తంతి వ్యవస్థను నెలకొల్పి నడిపే ప్రత్యేక హక్కును దాని 4వ సెక్షన్ కేంద్ర ప్రభుత్వానికే ఇచ్చింది. ఇతరులు నడపాలంటే ప్రభుత్వం పెట్టిన షరతులకు ఒప్పుకుని, రుసుము కట్టి లైసెన్సు పొందాలి. రేడియో వచ్చాక అది కూడా ఈ చట్టం కిందికే చేరింది. లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరాన్ని దగ్గర ఉంచుకోవడాన్నే 1933 నాటి భారత వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం నిషేధించింది. ఫలితంగా లైసెన్సు లేకుండా ప్రసారం చేయడంతో పాటు ఇంట్లో రేడియో పెట్టుకోవడం కూడా నేరమైంది.

శ్రోత కట్టిన కాలం

తొలినాళ్లలో రుసుము కట్టింది శ్రోతే. ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ 1927 జూలై 23న బొంబాయిలో, ఆగస్టు 26న కలకత్తాలో కేంద్రాలు తెరిచింది. ఇంట్లో రేడియో ఉన్నవారు ఏడాదికి 10 రూపాయలు కట్టేవారు. అందులో 8 రూపాయలు కంపెనీకి దక్కేవి. కానీ దేశమంతటా కలిపి లైసెన్సులు ఎనిమిది వేలు కూడా దాటలేదు. ఆ రాబడితో రెండు కేంద్రాలను నడపడం సాధ్యం కాక 1930 మార్చిలో కంపెనీ మూతపడింది. ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వమే ప్రసారాలు చేపట్టింది. ఆ సేవకే 1936 జూన్ 8న ఆలిండియా రేడియో అని పేరు పెట్టారు.

మద్రాసులో 1924 జూలై 31న ప్రసారాలు మొదలుపెట్టిన ప్రెసిడెన్సీ రేడియో క్లబ్ కూడా డబ్బు లేక 1927లో ఆగిపోయింది. దాని ట్రాన్స్‌మిటర్‌ను తీసుకుని 1930 ఏప్రిల్ 1 నుంచి మద్రాసు నగరపాలక సంస్థ ప్రసారాలు నడిపింది.

బాన్సువాడ అప్పట్లో హైదరాబాదు సంస్థానంలో భాగం. ఆ సంస్థానంలో 1930ల తొలినాళ్లలో తపాలా, తంతి శాఖ ఉద్యోగి మహబూబ్ అలీ హైదరాబాదు చిరాగ్ అలీ గల్లీలో 200 వాట్ల కేంద్రాన్ని సొంతంగా నడిపారు. 1935 ఫిబ్రవరి 3న నిజాం ప్రభుత్వం దాన్ని తన చేతుల్లోకి తీసుకుంది. దక్కన్ రేడియోగా పేరొందిన ఆ కేంద్రం 1950 ఏప్రిల్ 1న ఆలిండియా రేడియోలో కలిసింది. అప్పటి నుంచి దాదాపు అర్ధ శతాబ్దం పాటు దేశంలో ప్రైవేటు ప్రసార కేంద్రానికి తావు లేదు. కాబట్టి యజమాని రుసుము అన్న ప్రశ్నే తలెత్తలేదు.

రేడియో ఉన్న ఇల్లు మాత్రం కడుతూనే ఉంది. స్వాతంత్ర్యం తర్వాత ఏడాదికి 15 రూపాయల లైసెన్సు ఉండేది. పాస్‌బుక్కులాంటి చిన్న పుస్తకం పట్టుకుని పోస్టాఫీసుకు వెళ్తే, రుసుము తీసుకుని అందులో బిళ్లలు అంటించి ముద్ర వేసేవారు. గడువు దాటితే జరిమానా. టెలివిజన్ వచ్చాక దానికి ఏటా 50 రూపాయలయింది. ఒకటి, రెండు బ్యాండ్ల రేడియోలకు 1980లో మినహాయింపు దొరికింది. 1980ల నడుమ మిగతా రేడియోలకూ, టీవీలకూ లైసెన్సు విధానం ఎత్తేశారు. శ్రోత రుసుము అంతటితో ముగిసింది.

1995 తీర్పు

ప్రైవేటు ప్రసారాలకు దారి వేసింది 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. హీరో కప్ క్రికెట్ ప్రసార హక్కుల మీద సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖకూ బెంగాల్ క్రికెట్ సంఘానికీ నడిచిన కేసు అది. ధర్మాసనంలో జస్టిస్ పి.బి. సావంత్, జస్టిస్ ఎస్. మోహన్‌లతో పాటు తెలంగాణకు చెందిన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి ఉన్నారు. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అనీ, వాటి వినియోగాన్ని ప్రజా ప్రయోజనం కోసం ఒక ప్రజాధికార సంస్థ నియంత్రించాలనీ ధర్మాసనం తేల్చింది. తరువాతి వార్షిక రుసుములకు నైతిక ఆధారం ఈ సూత్రమే. ప్రజల ఆస్తిని లాభానికి వాడుకునేవారు ప్రజలకు ప్రతిఫలం చెల్లించాలి. అదే ఆస్తిని ప్రజలే తమ అవసరానికి వాడుకుంటే భారం తేలికగా ఉండాలి.

ఎఫ్‌ఎం రేడియో: స్థిర రుసుము నుంచి ఆదాయ వాటాకు

1999లో ప్రకటించిన మొదటి దశలో 40 నగరాల్లోని 108 ఫ్రీక్వెన్సీలను వేలానికి పెట్టారు. వేలంలో పాడిన మొత్తమే తొలి ఏడాది లైసెన్సు ఫీజు. ఆ తరువాత ప్రకటనలు వచ్చినా రాకపోయినా అది ఏటా 15 శాతం పెరిగేది. దేశంలో తొలి ప్రైవేటు ఎఫ్‌ఎం కేంద్రం 2001 జూలై 3న బెంగళూరులో మొదలైంది. రుసుము మోయలేక చాలామంది పాటదారులు మొదట్లోనే వెనక్కి తగ్గారు. చివరికి నిలబడినవి ఇరవై పైచిలుకు కేంద్రాలే.

2003లో ఏర్పడిన అమిత్ మిత్ర కమిటీ ఆదాయ వాటా పద్ధతిని సూచించింది. 2004లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కూడా అదే బాట పట్టింది. 2005 జూలైలో వచ్చిన రెండో దశ విధానంలో ప్రవేశ రుసుమును ఒక్కసారి కడితే చాలు. ఆపై ఏటా స్థూల ఆదాయంలో 4 శాతం గానీ, ఆ నగరపు రిజర్వు ప్రవేశ రుసుములో 10 శాతం గానీ, ఏది ఎక్కువైతే అది కట్టాలి. 91 నగరాల్లో 338 చానళ్లను వేలానికి తెచ్చారు. హైదరాబాదులో ప్రైవేటు ఎఫ్‌ఎం కేంద్రాలు ఈ దశలోనే, 2006 నుంచి మొదలయ్యాయి.

2011 జూలైలో మూడో దశ విధానం వచ్చింది. వార్షిక రుసుము స్థూల ఆదాయంలో 4 శాతం, లేదా వేలంలో తేలిన ప్రవేశ రుసుములో 2.5 శాతం, వీటిలో ఏది ఎక్కువైతే అది. అనుమతి గడువు 15 ఏళ్లు. ఉదాహరణకు ఒక కేంద్రం ప్రవేశ రుసుము 10 కోట్ల రూపాయలు అనుకుందాం. అందులో 2.5 శాతం 25 లక్షలు. ఆ ఏడాది ఆదాయం 5 కోట్లే వస్తే 4 శాతం కింద పడేది 20 లక్షలు. అయినా యజమాని 25 లక్షలు కట్టాల్సిందే. రాబడి తగ్గిన ఏడాది కూడా రుసుము ఒక స్థాయి కంటే కిందికి దిగదు.

చెల్లింపు మూడు నెలలకోసారి, ముందస్తుగా జరుగుతుంది. ఏడాది చివర ఆడిట్ అయిన లెక్కలతో సరిచూసి తేడా ఉంటే సర్దుతారు. స్థూల ఆదాయాన్ని బిల్లింగ్ రేట్ల మీద లెక్కిస్తారు. ప్రకటనల ఏజెన్సీకి ఇచ్చిన కమీషన్‌ను తీసివేయడానికి వీల్లేదు. వస్తువులకు బదులుగా ప్రకటన వేసినా దాని విలువ లెక్కలోకి వస్తుంది.

ప్రవేశ రుసుముతో ముడి తెంచి, జీఎస్టీ మినహా ఆదాయంలో 4 శాతమే తీసుకోవాలని 2023 సెప్టెంబరులో ట్రాయ్ సిఫారసు చేసింది. 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం 234 కొత్త నగరాల్లో 730 చానళ్ల వేలానికి ఆమోదం తెలిపినప్పుడు జీఎస్టీ మినహా స్థూల ఆదాయంలో 4 శాతాన్నే వార్షిక ఫీజుగా ఖరారు చేసింది. ఆ జాబితాలో తెలంగాణ నుంచి 10 నగరాలకు 31 చానళ్లు దక్కాయి. వాటిలో నిజామాబాద్‌కు నాలుగు. బాన్సువాడ పేరు అందులో లేదు.

శాటిలైట్ చానళ్లు, డీటీహెచ్

1995లో జెమినీ, ఈటీవీల రాకతో తెలుగు ప్రైవేటు శాటిలైట్ టీవీ మొదలైంది. 2011 మార్గదర్శకాల ప్రకారం చానల్ యజమాని అప్‌లింకింగ్‌కు (ఉపగ్రహానికి సిగ్నల్ పంపడానికి) ఏటా 2 లక్షల రూపాయలు, డౌన్‌లింకింగ్‌కు (దేశంలో దాన్ని అందుకోవడానికి) 5 లక్షలు కట్టాల్సి ఉండేది. విదేశాల నుంచి అప్‌లింక్ అయ్యే చానల్‌కు డౌన్‌లింకింగ్ రుసుము 15 లక్షలు. 2022 నవంబరు 9న వీటి స్థానంలో కొత్త మార్గదర్శకాలు వచ్చాయి. డీటీహెచ్ సంస్థలు మొదట స్థూల ఆదాయంలో 10 శాతం కట్టేవి. 2020 డిసెంబరు నిర్ణయంతో అది సవరించిన స్థూల ఆదాయంలో 8 శాతానికి తగ్గింది. లైసెన్సు గడువు 20 ఏళ్లకు పెరిగింది.

కేబుల్ ఆపరేటర్లు

బాన్సువాడ వంటి ఊళ్లకు దగ్గరగా తగిలేది ఈ విభాగం. 1994 నిబంధనలు, 1995 కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్‌ల చట్టం కింద ప్రతి కేబుల్ ఆపరేటరూ తన ప్రాంతపు హెడ్ పోస్టాఫీసులో ఫారం 1 నింపి, 500 రూపాయలు కట్టి నమోదు చేసుకోవాల్సి ఉండేది. ధ్రువపత్రం 12 నెలలే చెల్లేది. గడువులోగా మళ్లీ 500 కట్టి పునరుద్ధరించుకునేవారు. ఒకప్పుడు రేడియో శ్రోత లైసెన్సు తీసుకున్న తపాలా శాఖ దగ్గరే కేబుల్ ఆపరేటర్ కూడా నిలబడ్డాడు. చట్టం అమలు చూసే అధికారుల్లో సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ ఒకరు. నమోదు లేకుండా నడుపుతున్న పరికరాలను జప్తు చేసే అధికారం వారికి ఉంది.

కేబుల్ డిజిటలీకరణ నాలుగో దశ 2017 మార్చి 31న ముగిసింది. అప్పటికి బాన్సువాడ ఇంకా పురపాలక సంఘం కాలేదు కనుక ఈ చివరి దశ కిందికే వచ్చింది. సెట్‌టాప్ బాక్సుల రాకతో సిగ్నళ్లను అందుకుని పంపే సొంత హెడ్ ఎండ్ నడిపిన ఆపరేటర్లు, ఆపరేటర్లకు సిగ్నల్ సరఫరా చేసే పెద్ద సంస్థలైన ఎమ్మెస్వోల మీద ఆధారపడే స్థితికి చేరారు. ఎమ్మెస్వో నమోదుకు లక్ష రూపాయలు కట్టాలి. చిన్న పట్టణపు ఆపరేటర్‌కు అది అందనంత ఎత్తు.

2025 జనవరిలో నిబంధనలు మారాయి. నమోదు పోస్టాఫీసు నుంచి మంత్రిత్వ శాఖ నడిపే బ్రాడ్‌కాస్ట్ సేవా పోర్టల్‌కు వెళ్లింది. గడువు అయిదేళ్లు, రుసుము 5,000 రూపాయలు. ఏడాదికి సగటున 1,000 రూపాయలు, అంటే పాత రేటుకు రెట్టింపు. ఏటా చేయించుకోవాల్సిన పునరుద్ధరణ మాత్రం తప్పింది. దేశమంతటికీ ఒకే అనుమతి కావడంతో ప్రాంతపు హద్దు కూడా పోయింది.

కమ్యూనిటీ రేడియో

రుసుము పేదల గొంతును ఎంతగా ప్రభావితం చేస్తుందో, స్థానిక సంఘాలు నడిపే కమ్యూనిటీ రేడియో చరిత్ర చెబుతుంది. జహీరాబాద్ ప్రాంతంలోని మాచ్‌నూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు యునెస్కో సాయంతో 1990ల చివరికే స్టూడియో సిద్ధం చేసుకున్నారు. కానీ అప్పటి విధానంలో అలాంటి సంఘాలకు లైసెన్సు ఇచ్చే ఏర్పాటే లేదు. 2000 జూలైలో పస్తాపూర్ వేదికగా వెలువడిన ప్రకటన ఆ హక్కు కోరింది. 2002 డిసెంబరులో విద్యాసంస్థలకూ, 2006 నవంబరులో స్వచ్ఛంద సంస్థలకూ అనుమతి దొరికింది. మాచ్‌నూర్ మహిళల ‘సంఘం రేడియో’ 90.4 మెగాహెర్ట్జ్ మీద 2008 అక్టోబరు 15న గాలిలోకి వచ్చింది. ప్రారంభించింది 1995 తీర్పు ఇచ్చిన జస్టిస్ సావంతే. స్టూడియో, ప్రసారం బాధ్యతలు దళిత మహిళలవి.

కమ్యూనిటీ రేడియోకు లైసెన్సు ఫీజు లేదు. స్పెక్ట్రమ్‌కు ఏటా 19,700 రూపాయలు కడితే సరిపోయేది. 2012 ఏప్రిల్‌లో దీన్ని 91,000కు పెంచారు. నెలకు 1,640 రూపాయల చొప్పున పడేది ఒక్కసారిగా 7,580 దాటింది. గంటకు అయిదు నిమిషాలకు మించి ప్రకటనలు వేయకూడదన్న షరతు ఉండగా ఆ సొమ్ము తేవడం పల్లె రేడియోకు అసాధ్యం. దేశవ్యాప్తంగా కేంద్రాలు నిరసన తెలిపాయి. చివరికి ప్రభుత్వం పెంపును ఉపసంహరించి పాత రుసుమునే నిలిపింది. 2024 ఫిబ్రవరిలో సవరించిన మార్గదర్శకాలు ప్రకటనల సమయాన్ని గంటకు 12 నిమిషాలకూ, అనుమతి గడువును పదేళ్లకూ పెంచాయి.

ఇతర దేశాల్లో

బ్రిటన్‌లో 1922లో 10 షిల్లింగులతో మొదలైన శ్రోత రుసుము టీవీ లైసెన్సు రూపంలో కొనసాగుతోంది. రేడియోకు మాత్రం 1971లో రద్దయింది. అమెరికాలో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 1994 నుంచి కేంద్రాల యజమానుల దగ్గర ఏటా నియంత్రణ రుసుము వసూలు చేస్తోంది. గడువు సాధారణంగా సెప్టెంబరులో పడుతుంది. ఆలస్యమైతే 25 శాతం జరిమానా. లాభాపేక్ష లేని విద్యా కేంద్రాలకు పూర్తి మినహాయింపు ఉంది. అక్కడి రుసుము కమిషన్ నిర్వహణ ఖర్చు రాబట్టడానికి ఉద్దేశించింది. మన దేశంలో అది ప్రజల ఆస్తి మీద వచ్చే ఆదాయంలో వాటా కూడా.

నేటి స్థితి

2023 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన టెలికమ్యూనికేషన్ల చట్టం 1885, 1933 చట్టాల స్థానంలోకి రావడానికి ఉద్దేశించింది. దాని కింద ప్రసార సేవల అనుమతులు ఎలా ఉండాలో 2025 ఫిబ్రవరిలో ట్రాయ్ సిఫారసులు చేసింది.

బాన్సువాడ ప్రాంతానికి ఈ చరిత్రలో మిగిలిన దారి కమ్యూనిటీ రేడియో. కనీసం మూడేళ్లుగా నమోదై పనిచేస్తున్న స్వచ్ఛంద సంస్థలు, విద్యాసంస్థలు, కృషి విజ్ఞాన కేంద్రాలు ఇందుకు అర్హమైనవి. బోధన్ దారిలోని రుద్రూరులో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. కాలువ నీరు ఎప్పుడు వదులుతారు, వరికి ఏ తెగులు పాకుతోంది అన్న కబుర్లు రైతుకు సొంత యాసలో చేరవేయడానికి వంద వాట్ల కేంద్రం సరిపోతుంది. 2012 నాటి స్పెక్ట్రమ్ రుసుము పెంపు అనుభవం తేల్చిన సంగతి ఒక్కటే. అలాంటి కేంద్రం పుట్టి బతకాలంటే దాని వార్షిక రుసుము పల్లె సంఘం కట్టగలిగే స్థాయిలోనే ఉండాలి.